పచ్చికొయ్యలు

మా ఆయనకు ముక్కు మీద కోపం. ఇటుక ఒకటి వంకర పోయిందంటే అరుస్తాడు, ఇటుకల మధ్య వేసే మాలు జారైందంటే అరుస్తాడు, గోడకు కట్టిన దారాన్ని ఎవరి మోచెయ్యి తాకినా వాళ్ళ వంశాన్నంతా ఒకసారి పలకరించి వదులుతాడు. తాపీ మేస్త్రీకి అరుపు కూడా ఒక పనిముట్టేనని ఆయన నమ్మకం. ఆయన దగ్గర మాలు కలిపేది నేనే. పెళ్ళయిన కొత్తలో ఆ అరుపులకు మాలులో కన్నీళ్ళు కూడా కలిపేదాన్ని. తరవాత ఎదురు అరవడం నేర్చుకున్నాను. అప్పట్నుంచి కాపురం సాఫీగా సాగింది.

అందరికీ ఇళ్ళు కట్టిపెడుతూ మేం మాత్రం అద్దె గదిలోనే ముసలివాళ్ళమైపోతామేమోనని నాకు దిగులు. సొంతిల్లు, సొంతిల్లు అని చెవినిల్లు కట్టుకుని పోరాను. "నా చెవిలో ఎలాగూ కట్టేశావుగా, అందులోనే కాపురం ఉండు" అనేవాడు. అన్నాడే గానీ, ఒకరోజు నన్నూ మా తమ్ముణ్ణీ వెంటబెట్టుకుని ఊరి చివరికి తీసుకెళ్ళి ఒక చిన్న స్థలం చూపించాడు. ముందు మట్టి దారి, వెనక పక్కవాళ్ళు కొమ్మలు పాతి పెంచుకున్న పచ్చికంచె. "ఇది మనదే" అన్నాడు, ఎవరో అడిగితే దారి చెబుతున్నట్టు. నాకు నోట మాట రాలేదు. మాట రాకపోవడం నాకు కొత్త, అందుకే ఆయన చాలాసేపు నవ్వాడు.

ఆ ఇంటికి కొలతలు వేసిన రోజు ఆయన్ని చూసి తీరాల్సిందే. అంత ముచ్చటగా ఎవరింటికీ చెయ్యలేదు. స్థలం నడుమ నేల గట్టిది, నిండా గులకరాళ్ళు. అక్కడ కర్ర కొయ్య దిగదు, దెబ్బకు తల చిట్లిపోతుంది. అందుకని ఇంటి మూలల్లో ఇనుప చీలలు దించాడు. అంచుల్లో మాత్రం పోసిన మట్టి, మెత్తన. అక్కడ చీల వెన్నలోకి దిగినట్టు దిగుతుంది గానీ, దారం బిగించి లాగితే వాలిపోతుంది. లావుపాటి కర్ర కొయ్య అయితేనే ఆ మట్టిని పట్టుకుని నిలబడుతుంది. కొయ్య మొనను గుండ్రంగా చెక్కితే ఒప్పుకోడు, దిగేటప్పుడు తిరుగుతుందని. నాలుగు పలకలుగా చెక్కాలి. తల చదునుగా కోయాలి. దాని నడుమ మేకు కొట్టి, దారం ఆ మేకుకు కట్టాలి.

అంచుల్లో కొయ్యలెందుకంటే, పునాది తవ్వడం మొదలెట్టగానే మూలల్లో చీలలు ఎలాగూ ఊడిపోతాయి. కాబట్టి ప్రతి గోడ గీతనూ రెండువైపులా పొడిగించి, తవ్వకానికి అందనంత దూరంలో ఒక్కో కొయ్య కొట్టిపెడతాడు. వాటిని ఆయన సాక్షులంటాడు. లోపలివన్నీ పోయినా, ఎదురెదురు సాక్షుల మధ్య దారం లాగితే గోడ ఎక్కడ లేవాలో మళ్ళీ తెలిసిపోతుంది.

ఆ సాక్షుల కోసం బాగా ఎండిన కర్ర చూసి తెమ్మని మా తమ్ముణ్ణి పంపాడు. వాడు ఎండంతా నెత్తిన వేసుకుని తిరిగి, చంకనిండా కొయ్యలతో వచ్చాడు. మా ఆయన ఒకటి తీసుకుని చేత్తో బరువు చూసి, గోరుతో బెరడు గీకాడు. పచ్చగా తడి తేలింది.

"ఏంట్రా ఇవి?"

"కొయ్యలు బావా."

"వీటికింకా రసం కారుతోంది!"

"ఎండుకర్ర ఎక్కడా దొరకలేదు. వెనక కంచెవాళ్ళని అడిగి నాలుగు కొమ్మలు కొట్టుకొచ్చా. గట్టిగానే ఉన్నాయి, చూడు."

"పచ్చికొయ్య ఎండేకొద్దీ సన్నబడిపోతుందిరా. సన్నబడితే నేలలో వదులైపోతుంది. వదులైన కొయ్య అబద్ధం చెబుతుంది. అబద్ధం చెప్పే సాక్షి నాకెందుకు? నీ బుర్ర ఎంత పచ్చిగా ఉందో ఇవీ అంతే పచ్చిగా ఉన్నాయి!"

మా తమ్ముడు పళ్ళికిలించి నిలబడ్డాడు. వాడికి తిట్లు దులిపేసుకోవడం తువ్వాలు దులిపేసుకున్నంత తేలిక. పొద్దు వాలిపోతోంది, దారాలన్నీ లాగి ఉన్నాయి. మా ఆయన సంచి బోర్లించి అందులో ఉన్న పాత ఎండుకొయ్యలు తీసి వీధివైపు ఒక మూల సాక్షులకు వాడాడు. మిగతా మూలలకు చాలలేదు. "ఇవాళ్టికి వీటితో కానిద్దాం, ఎండువి దొరకగానే మార్చేద్దాం" అని సణుక్కుంటూ తమ్ముడు తెచ్చినవాటినే దిగ్గొట్టాడు. ఆ రోజు నుంచి పనివాళ్ళు మా తమ్ముణ్ణి పచ్చికొయ్య అనే పిలవసాగారు. వాడికి పెళ్ళి సంబంధం చూస్తున్న రోజులవి, నాకు ఒళ్ళు మండిపోయేది.

మార్చేద్దామన్న మాట వానల్లో కొట్టుకుపోయింది. ఆ వానల్లోనే ఆయన చూపు కూడా తగ్గడం మొదలైంది. మొదట పక్కనున్నవి కనబడేవి కావు. మాలు తట్టను తన్నుకుని, ఎవరిక్కడ పెట్టిందని నా మీద ఎగిరేవాడు. నేను కూడా నా తప్పేనేమో అనుకుని తట్ట జరిపేదాన్ని. కంటి ఆసుపత్రికి వెళ్ళేసరికి నరం చాలామటుకు ఎండిపోయిందన్నారు. పోయింది తిరిగిరాదు, ఉన్నది కాపాడుకోవడమే అన్నారు. మందులు వేశాం, ఆపరేషన్ చేయించాం, ఆ ఉన్నది కూడా నిలవలేదు. ఇప్పుడు వెలుగుకూ చీకటికీ తేడా తెలుస్తుంది. అంతే.

కళ్ళు పోయినందుకు ఏడ్చాను. గొంతు పోయినందుకు భయపడ్డాను. ఆయన అరవడం మానేశాడు. కూరలో ఉప్పు మరిచిపోయినా సరే అనేవాడు, నీళ్ళు చల్లారిపోయినా సరే అనేవాడు. నేను కావాలని తగువు పెట్టుకున్నా "సరేలే" అని గోడవైపు తిరిగి పడుకునేవాడు. గది, మంచం, మంచం పక్కన చెంబు. ఆయన లోకం అంతే అయిపోయింది. మా తమ్ముడు ఇంకో మేస్త్రీ దగ్గర పనికి కుదిరి, సాయంత్రం వచ్చి పక్కన కూర్చుని పనిలో సంగతులు చెబుతుండేవాడు. అవి కూడా ఆయన విన్నాడో లేదో తెలిసేది కాదు.

ఒక్క మాట ఎత్తితే మాత్రం లేచి కూర్చునేవాడు. మా ఇంటి మాట.

"మన ఇంటికి దారం నేను లాగాను" అనేవాడు. "ఇంకొకడు లాగిన దారం మీద నా ఇల్లు లేవదు. కొలతలు నా తలలో లేవు, నేల మీద ఉన్నాయి. సాక్షులున్నారు కదా, వాళ్ళే చెబుతారు. వాటిని తడుముకుంటూ నేనే కడతా. కళ్ళెందుకు, చేతులున్నాయిగా?"

చేత్తో గాల్లో ఇటుక పెట్టి, తాపీ పిడితో తట్టి, పక్కకు జరిగి ఇంకోటి పెట్టేవాడు. ఆ కాసేపూ ఆయన మొహం వెనకటి మొహం. చూస్తే నాకు ప్రాణం లేచొచ్చేది, వెంటనే బెంగ పట్టుకునేది. ఏడాది దాటింది మేం ఆ స్థలం మొహం చూసి. ఆసుపత్రి చుట్టూ తిరగడంతోనే నా తల ప్రాణం తోకకు వచ్చింది. అక్కడ ఏముందో, ఏం లేదో. ఆ కొయ్యలు గనక లేకపోతే ఈయన మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటాడు, ఇక లేవడు. అది నాకు తెలుసు.

ఎండలు కాస్త తగ్గాక ఒకనాడు ఆయనే అన్నాడు. "రేపు స్థలం దగ్గరికి పోదాం. దారం తీసి ఉంచు."

నేను తల ఊపి, ఊపితే కనబడదని గుర్తొచ్చి "సరే" అన్నాను. ఆ పూటే మా తమ్ముణ్ణి పిలిపించి, ఆయనకు చెప్పకుండా ఇద్దరం వెళ్ళాం.

స్థలం నిండా నడుమెత్తు గడ్డి. కాళ్ళతో తొక్కుకుంటూ మూలలు వెతికాం. ఇనుప చీలలు ఒక్కటి లేదు. చీల ఉన్నచోట గడ్డపారతో పెళ్ళగించిన గుంట ఉంది, గుంటలో నీళ్ళున్నాయి, అసలు చోటేదో తెలియదు. పాత ఇనుము కింద అమ్ముకోవడానికి ఎవరో శుభ్రంగా పీక్కెళ్ళారు. పీకినవాళ్ళకు ఎంతొచ్చుంటుంది, ఒక పూట టీలకు కూడా సరిపోదు. వీధివైపు ఎండుకొయ్యల దగ్గరికి పోయాను. అవి కనబడ్డాయి. హమ్మయ్య అనుకుని తల మీద చెయ్యి వేస్తే చెయ్యి లోపలికి దిగిపోయింది. చెదలు. పైన బెరడు, లోపల మట్టి. మేకు నా కాలి మీద పడింది.

నేను అక్కడే కూలబడ్డాను. మా తమ్ముడు గడ్డిలో అటూ ఇటూ తిరిగి వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అక్కా, ఒక మాట చెబుతా, తిట్టకు. రాత్రికి ఎక్కడో చోట ఎండుకొయ్యలు సంపాదిస్తా. పొద్దున్నే వచ్చి, ఉజ్జాయింపుగా దిగ్గొట్టేస్తా. బావకి అవే ఇవి అని చెబుదాం. ఆయనకేం తెలుస్తుంది?"

ఒక్క క్షణం నాకూ ఆశ పుట్టింది, ఎందుకు దాచాలి. కానీ ఒళ్ళంతా చేదు తాగినట్టయింది. "ఆయనకి కళ్ళు లేవు గానీ బుర్ర లేదనుకున్నావా? మొదటి మూల తడిమితే చాలు, పట్టేస్తాడు. అప్పుడిక నన్ను కూడా నమ్మడు. నిజమే చెబుదాం. నేనే చెబుతా."

చెబుతానన్నానే గానీ ఎలా చెప్పాలో తెలియదు. లేచి నిలబడ్డాను. తిరిగి వెళ్ళేటప్పుడు గడ్డి కాళ్ళకు కోసుకుంటోందని, దాన్ని పక్కకు తొయ్యడానికి వాడు అంచున ఉన్న చెట్టు నుంచి ఒక కొమ్మ విరవబోయాడు. నేను ఆ చెట్లను చూశాను గానీ పట్టించుకోలేదు. పక్కవాళ్ళ కంచె మా వైపుకు కూడా పాకింది, రేపు దీని మీద ఒక గొడవ పడాలి అనుకున్నానంతే. మనిషెత్తు లేచి ఆకులతో గుబురుగా ఉన్నాయి.

వాడు కొమ్మ మొదట్లోకి చెయ్యి పోనిచ్చి, "అబ్బ" అని వెనక్కి లాక్కున్నాడు. వేలి మీద గీసుకుని రక్తం. వేలు నోట్లో పెట్టుకుని, ఆకులు పక్కకు తోసి లోపలికి చూశాడు. అలాగే ఉండిపోయాడు.

"ఏంట్రా?"

నేను వెళ్ళి చూశాను. మోకాలెత్తులో చదునుగా కోసిన తల. దాని అంచుల చుట్టూ కొమ్మలు లేచాయి, నడుమ మాత్రం కోసిన చెక్క కోసినట్టే ఉంది. అందులో తుప్పు పట్టిన మేకు. మా తమ్ముడు తెచ్చిన పచ్చికొయ్య. వేళ్ళు పోసుకుని చెట్టయి కూర్చుంది.

ఊపి చూశాను. కదల్లేదు. రెండు చేతులా పట్టుకుని నా బరువంతా వేసి ఊపాను. అబ్బే. ఇద్దరం పిచ్చిపట్టినట్టు అంచుల వెంట పరుగెత్తాం. వాడు తెచ్చినవన్నీ బతికే ఉన్నాయి, ప్రతిదాని నడుమా మేకుంది. మా తమ్ముడు ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. నేను మాత్రం ఏడ్చాను. ఆ కంచెవాళ్ళ కాళ్ళు కడగాలనిపించింది. ఎండుకర్ర లేదని వాణ్ణి తిప్పిపంపిన ప్రతి ఇంటికీ వెళ్ళి దణ్ణం పెట్టాలనిపించింది.

మర్నాడు ఆయన్ని తీసుకెళ్ళాం. నా భుజం మీద చెయ్యి వేసి నడిచాడు. ముందే చెప్పేద్దామని మా తమ్ముడు కళ్ళతో సైగ చేస్తూనే ఉన్నాడు. వద్దన్నాను. ఆయన చేతికే తెలియనివ్వాలని నా పట్టుదల.

మొదట చీలలు పోయిన సంగతి చెప్పాను. ఆయన నడక ఆగింది. చెదపట్టిన కొయ్యల సంగతి చెప్పాను. భుజం మీద చెయ్యి బరువెక్కింది. "సరే" అన్నాడు. ఆ సరే వినగానే ఇక ఆగకుండా లాక్కెళ్ళి చెట్టు ముందు నిలబెట్టి, చెయ్యి పట్టుకుని ఆకుల్లోకి తోశాను.

"ఇదేంటి? చెట్టు."

"తడుము."

తడిమాడు. కొమ్మల సందున కిందికి దిగి, చెక్క తల దొరికి, దాని అంచు చుట్టూ వేలు తిప్పి, నడుమకు వచ్చి ఆగాడు. మేకును రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. దారం జారకుండా ఆయన మేకును కాస్త బయటికి వాల్చి కొడతాడు. ఆ వాలు చూశాడు. అటూ ఇటూ నెట్టి చూశాడు. మోకాళ్ళ మీద కూర్చుని మొదలు తడిమాడు, మట్టిలోకి పోయిన వేరును గోరుతో గీకాడు.

"ఏడీ వాడు?" అన్నాడు.

మా తమ్ముడు దూరంగా నిలబడి ఉన్నాడు. "ఇక్కడే ఉన్నా బావా."

"దగ్గరికి రా."

వచ్చాడు. ఆయన తడుముతూ వాడి మెడ పట్టుకున్నాడు. కొడతాడేమో అనుకున్నాను, నిజంగా. వాడి తల తన భుజానికి ఆనించుకున్నాడు.

"నువ్వు ఆ రోజు ఎండుకర్ర తెచ్చుంటే ఇవాళ నాకు ఇల్లు లేదురా. నా మాట వినకుండా నన్ను కాపాడావు. చచ్చేదాకా గుర్తుంచుకుంటా."

"నేను కావాలని తేలేదు బావా, దొరక్క తెచ్చా."

"తెచ్చావుగా. అది చాలు."

ఆ మాట వినడానికి నా పుట్టింటివాళ్ళందరూ అక్కడుంటే బాగుండుననిపించింది.

అడ్డొచ్చిన కొమ్మలు మా తమ్ముడు కోసి దారి చేశాడు. దారం మాత్రం ఆయనే కట్టాడు. మేకుకు రెండు చుట్లు, పైన ముడి, వెనక్కి వంగి ఒళ్ళు బరువుతో లాగుడు. వేలితో మీటి చూసుకుని తల ఊపుకున్నాడు. రెండు గోడల గీతలూ, అవి కలిసే మూలా మాకు మళ్ళీ దొరికాయి. దాని ఎదురుది, ఎండుకొయ్యల మూల, దొరకలేదు. అక్కడికి వచ్చే రెండు గీతలకు ఒక చివరే సాక్షి ఉంది, రెండో చివర గాల్లో ఉంది. మూల సరిగ్గా ఉందో లేదో చూసే మూలమట్టం పెట్టి, దారం దాని అంచుకు సరిగ్గా కలిసేదాకా జరిపి, ఆ మూలను మళ్ళీ పుట్టించాలి. దానికి కళ్ళు కావాలి.

ఆయన మూలమట్టం సంచిలోంచి తీసి చాలాసేపు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ ఇనుప ముక్కను ఆయన ఎవరికీ ఇవ్వడు. నేను ఇన్నేళ్ళుగా మాలు కలిపాను, ఇటుకలు మోశాను, దాన్ని కడిగి తుడిచి కూడా పెట్టాను, గోడకు పట్టి చూసింది మాత్రం లేదు. మా తమ్ముడు చెయ్యి చాపాడు. ఆయన వాడి అడుగుల చప్పుడు విని, "నువ్వు కాదు. మీ అక్క" అన్నాడు. "నా తప్పుల్ని పట్టుకోవడంలో దానికున్నంత అలవాటు ఎవరికీ లేదు."

దొరికిన గీత మీద, ఒంటిసాక్షి దారం దాటేచోట కూర్చుని మట్టం ఆనించి పట్టుకున్నాను. ఆయన అవతలి చివర దారం పట్టుకుని నిలబడ్డాడు.

"చెప్పు."

"ఎడంగా ఉంది. వీధివైపుకి జరుపు."

"ఎంత?"

"బొటనవేలంత."

జరిపాడు. "ఇప్పుడు?"

"ఎక్కువైంది. ఇంత దూకుడెందుకు? కొద్దిగా వెనక్కి. ఆఁ, ఆగు. కదలకు. అంచుకి అంచు కూర్చుంది."

రెండో గీత కూడా అలాగే చూశాం. దారాలు ఒకదాన్నొకటి దాటిన ప్రతి మూలలోనూ మా తమ్ముడు చీల దించాడు. అప్పుడాయన ఇంకో దారం తెప్పించి, ఎండుకొయ్యల మూల నుంచి ఎదురు మూలకు లాగి, సరిగ్గా చీల తగిలినచోట ముడి వేశాడు. అదే దారాన్ని మిగిలిన రెండు మూలల మధ్య లాగించాడు. ఆ కొలత ఈ కొలతకు సరిపోతే ఇల్లు చదరంగా ఉన్నట్టు. లేకపోతే నా చూపు తప్పు.

"నమ్మకం లేదా?" అన్నాను.

"నమ్మకం లేక కాదే, అలవాటు."

దారం వెంట చెయ్యి జరుపుకుంటూ వచ్చి చీల తడిమాడు. ముడి కోసం వెతికాడు. ముడి చీల మీదే కూర్చుని ఉంది. దాన్ని బొటనవేలి కింద నొక్కి పట్టుకున్నాడు. తరవాత నా వైపు తిరిగాడు, కాస్త పక్కకు, నేను లేనివైపుకు, అయినా నాకే అని తెలుస్తూనే ఉంది.

"ఒక్క వెంట్రుక కూడా తేడా లేదు" అన్నాడు. "నీకిన్నాళ్ళూ మాలు కలిపే పనే ఇచ్చాను."

మా తమ్ముడు సున్నం బుట్ట తెచ్చి నా చేతిలో పెట్టాడు. దారాల వెంట సున్నం పోసుకుంటూ నడిచాను. పడకగది, వంటగది, గుమ్మం. గీత ముగిసిన ప్రతిచోటా ఆ చెట్లలో ఒకటి నిలబడి ఉంది. ఇల్లు లేచాక కొట్టేద్దామా అని తమ్ముడు అడిగితే, ముందు నన్ను కొట్టి తరవాత వాటిని కొట్టమన్నాడు ఆయన.

సాయంత్రం గదికి వచ్చాం. కాళ్ళకు సున్నం, చేతులకు ఆకుపసరు. ఇద్దరం చాలా రోజుల తరవాత ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నాం. ఆయన కంచం కడిగి చెయ్యి తుడుచుకుని మంచం మీద వాలాడు. ఈసారి గోడవైపు తిరగలేదు.

"ఇదిగో, పొద్దున్నే లేపు. తవ్వేవాళ్ళు వచ్చేసరికి నేను అక్కడుండాలి. నేను రాకుండా ఎవడూ పార వెయ్యకూడదు."

నేను గిన్నెలు సర్దుతూ నిలబడిపోయాను.

"ఏమే, వినబడిందా లేదా?" అని గట్టిగా అరిచాడు.

"వినబడింది" అన్నాను.